దాలి మెడలో మాటల పూస

రోజు 1
హాజరు: 18. పోషకం: రాగిజావ, గుడ్డుపొడి. తలకు సగటు మాటలు: 212. రిమార్కులు:

ఈ గడి ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి వస్తుందని శిక్షణలో మూడుసార్లు చెప్పారు. ఎంత రాయాలో మాత్రం చెప్పలేదు. కనుక పంకాల కాలనీ బాలవికాస కేంద్రానికి కొత్తగా వచ్చిన వాక్ సహాయకుణ్ణి, తవిటేష్ అనే నేను, బీఎస్సీ, ద్వితీయ శ్రేణి, ప్రభుత్వం వారికి వినమ్రంగా విన్నవించుకుంటున్నాను. మా తాత తవిటయ్య. నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు మా అయ్య ఆ పేరుకి చివర 'ష్' తగిలించాడు. అలాగైతే ఉద్యోగం వస్తుందని ఆయన నమ్మకం. వచ్చింది. ఇక్కడికి వచ్చింది.

కేంద్రం అంటే ఒక గది. గోడలు నాలుగు పొరల గాజు. తలుపు మూస్తే నిశ్శబ్దం. తెరిస్తే నూట ఎనిమిది పంకాలు. ఒక్కో రెక్క తాటిచెట్టంత. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. బయట నిలబడి పక్కనున్న మనిషి చెవిలో అరిచినా, ఆ మనిషికి మన నోటి వాసన తప్ప ఏదీ అందదు.

ప్రతి పిల్ల మెడలో నల్లతాడుకి శనగగింజంత పూస ఉంటుంది. పెద్దవాళ్ళు ఆ పిల్లతో ఆడిన ప్రతి మాటనూ అది లెక్కిస్తుంది. తక్కువ మాటలు వినడం వల్లే పేదపిల్లలు పేదవాళ్ళుగా మిగిలిపోతున్నారని రాజధానిలో నిపుణులు కనిపెట్టారు. ఇన్నాళ్ళూ మేం డబ్బు లేకనేమో అనుకుంటున్నాం. రోజుకు పన్నెండు వేల మాటలు అందాలి. తొంభయ్యో రోజుకి అంత అందని పిల్లను వాక్ నిలయానికి తరలిస్తారు. అది ఆరువందల కిలోమీటర్ల అవతల ఉంది. ఏడేళ్ళు నిండేదాకా పిల్ల అక్కడే ఉండాలి. తల్లిదండ్రులకు ఏడాదికొక్కసారి దర్శనం, దేవుడి కంటే కాస్త తక్కువ రద్దీలో.

రోజు 4
హాజరు: 18. పోషకం: గుడ్డుపొడి అయిపోయింది, జావలోనే ఉందనుకోమన్నారు. సగటు: 190. రిమార్కులు:

కాలనీ అంతా మూగవాళ్ళని నిన్నటిదాకా అనుకున్నాను. తల్లులు పిల్లల్ని తెచ్చి తలుపు దగ్గర దింపుతారు, నాకేసి చూసి వేళ్ళు ఆడిస్తారు, నవ్వుకుంటూ పోతారు. పాపం నాకు దండం పెడుతున్నారని నేనూ తిరిగి దండాలు పెడుతూ వచ్చాను. ఇవాళ మా కేంద్రం ఆయా కొండమ్మను అడిగేశాను.

"వీళ్ళకి మాటలు రావా పిన్నీ?"

"రాకేటి బావూ! నాలుగు రోజుల్నించి నిన్నే ఆడుకుంతన్నారు, నీకు తెలీనేదా?"

"ఏమని?"

"కొత్తోడు ఎవులు కనబడితే ఆలికి దండాలెడతన్నాడు, ఓట్లకొచ్చినాడేటి అనీసి."

పంకాల కింద మూడు తరాలుగా బతుకుతున్నవాళ్ళకు నోరు తిండికే. మాటంతా చేతుల్లో ఉంది. చేతిమాట అంటారు. ఈ మిద్దె మీంచి నాలుగో మిద్దెను కూరేం వండావని అడగొచ్చు. నోటినిండా ముద్ద పెట్టుకుని అత్తగారి మీద చాడీలు చెప్పొచ్చు. తిట్లు పడే పిల్లలు చెవులు మూసుకోరు, కళ్ళు మూసుకుంటారు. అప్పుడు తల్లి రెప్పలు విప్పి మరీ తిడుతుంది.

పిల్లల్లో ఘనురాలు దాలి. మూడున్నరేళ్ళు. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పక్కవాణ్ణి ఏడిపించగలదు. పొద్దున వచ్చింది మొదలు వాగుతూనే ఉంటుందని కొండమ్మ ఫిర్యాదు. దాలి పూస చూశాను. నిన్నంతా కలిపి నలభై ఒక్క మాట. కాలనీలోకెల్లా తక్కువ. తొంభయ్యో రోజు బండి ఎక్కేవాళ్ళలో మొదటి పేరు ఈమెదే.

రోజు 9
హాజరు: 18. పోషకం: రాగిజావ. సగటు: 205. రిమార్కులు:

దాలి తల్లి నూకాలు. పంకా ఇరుసులకు గ్రీజు పెట్టే పని. మొన్న తల్లుల మీటింగులో పూస గురించి నేను గొప్ప ఉపన్యాసం ఇచ్చాను. "మీరు పిల్లతో ఎంత మాట్లాడితే అంతా ఇందులో లెక్క పడుతుంది" అన్నాను. కొండమ్మ దాన్ని చేతుల్లోకి మార్చి చెప్పింది. అందరూ తలలూపారు. ఉపన్యాసం ఫలించిందని మురిసిపోయాను.

ఇవాళ పొద్దున తలుపు బయట నూకాలు దాలిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కొంగుతో పూసను తళతళలాడేలా తుడిచి, దాని ముందు చేతులాడిస్తోంది. నిదానంగా, విడివిడిగా, పరాయి ఊరివాడికి చెప్పినట్టు. తమ మాటను అది చూసి లెక్క పెట్టుకుంటుందని ఆమె అనుకుంది. లోపలికి రమ్మన్నాను.

నూకాలుకి నోటిమాట వచ్చు. వాడక తక్కువై గొంతు కాస్త తుప్పు పట్టింది. "తుడిసి పెడితే బాగా అవుపిస్తాది గదా అనీసి బావూ."

"అది చూడదు నూకాలప్పా. వింటుంది."

ఆమె తలుపు వైపు చూసింది. "ఇనడానికి ఇక్కడ ఏటుంది బావూ, పంకా తప్ప?"

శిక్షణ పుస్తకం తిరగేశాను. ఈ ప్రశ్న అందులో లేదు. విచారిస్తే పదకొండు మంది తల్లులు మీటింగు అయిన దగ్గర్నించీ ఇదే చేస్తున్నారని తేలింది. ఒక తండ్రి పూసకు దిష్టిచుక్క కూడా పెట్టాడు.

మనవి: చేతిమాటను కూడా మాటగా లెక్కించే పూసను పంపగలరు.

రోజు 15
హాజరు: 18. పోషకం: రాగిజావ, గుడ్డుపొడి వచ్చింది. సగటు: 13,480. రిమార్కులు:

అంకె చూసి కంగారు పడవద్దు. యంత్రం చెడిపోలేదు.

మొన్న ఒక మహత్తర సత్యం బోధపడింది. ఈ గదిలో నేనొక్కణ్ణి పిల్లల కేసి చూస్తూ వాగితే చాలు, పద్దెనిమిది పూసలకూ లెక్క పడుతుంది. ఏం వాగాలన్న దాని మీద చట్టంలో ఆంక్షలేవీ లేవు. కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా బాలలకు ఈ క్రింది సాహిత్యం వినిపిస్తున్నాను: ఈ నెల సర్క్యులర్లు, గుడ్డుపొడి ప్యాకెట్టు వెనకాల రాతలు, నా డిగ్రీ ఉష్ణగతిశాస్త్రం నోట్సు, పలాస నుంచి తుని దాకా రైల్వే స్టేషన్లు వరసగా, తర్వాత వెనక నుంచి. ఇవన్నీ అయిపోయాక, సెకండియర్లో ఒకమ్మాయికి రాసి ఇవ్వలేకపోయిన ఉత్తరం. దానికి పిల్లలు బాగా నవ్వారు. ఇవ్వకపోవడమే మంచిదైంది.

కొండమ్మ దూది పెట్టుకుని తిరుగుతోంది. "పంకాలే నయం బావూ" అంది.

రోజు 40
హాజరు: 18. పోషకం: రాగిజావ, అరటిపండు, ఒక్కొక్కరికి మూడో వంతు. సగటు: 13,910. రిమార్కులు:

దాలి ఇవాళ నోటితో తొలి మాట పలికింది. గిన్నె ముందుకు తోసి, నా మొహంలోకి చూసి, గంభీరంగా "సదరు" అంది. సదరు జావ ఇంకా కావాలని తాత్పర్యం.

కొండమ్మ అదిరిపడింది. "ఇదేటి మాట బావూ? బూతేటి?"

"ప్రభుత్వం మాట పిన్నీ."

"అయితే అదే గదా."

నూకాలుది రెండు షిఫ్టుల పని. అందుకని దాలి అందరికన్నా ముందొచ్చి ఆఖర్న పోతుంది. ఆ మిగిలిన వేళల్లో నేను ఆమెకు నోటిమాట చెబుతాను, ఆమె నాకు చేతిమాట నేర్పుతుంది. నా చేతులకు యాస ఉందట. అన్నం అనబోయి దున్నపోతు అన్నానని మిగతా పదిహేడు మందినీ పిలిచి మరీ చూపించింది. ఆ పిల్ల పూసలో నిన్న పద్నాలుగు వేలు దాటింది. బండి ఎక్కేవాళ్ళ జాబితాలో పేరు కిందికి దిగిపోయింది. సాయంత్రం నూకాలుకి చెబితే, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. గ్రీజు ఇంకా వదల్లేదు.

రోజు 63
హాజరు: 17, ఒకడికి జ్వరం. పోషకం: రాగిజావ. సగటు: 14,002. రిమార్కులు:

సాయంత్రం నూకాలు ఇంటికి భోజనానికి పిలిచింది. అంబలి, ఎండుచేపల పులుసు. తింటూండగా దాలికి కథ చెప్పింది. ఒక పంకా రెక్కకు తిరిగీ తిరిగీ విసుగు పుట్టి, ఊడి సముద్రంలో పడి, ఈదుకుంటూ అత్తారింటికి పోతుంది. అక్కడ అత్తగారు కూడా పంకాయే. దాలి పదకొండు సార్లు అడ్డు తగిలింది. రెక్కకి చీర ఎవరు కట్టారు? నీళ్ళలో గ్రీజు పోదా? అత్తగారు కొట్టిందా? ప్రతిదానికీ తల్లి దగ్గర జవాబుంది. నేను మాటలు లెక్కపెట్టడం మొదలెట్టి తొమ్మిది వందల దగ్గర వదిలేశాను. కథ సగం కూడా కాలేదు.

పూస చూశాను. సున్నా.

కాలనీ గోడ అవతల కిటికీల్లేని పొడుగాటి భవనాలున్నాయి. అవేంటని అడిగాను. వాటిలో లెక్కల యంత్రాలున్నాయిట. రాష్ట్రంలోని పూసలన్నీ పంపే అంకెలు వాటిలోనే కూడతారుట. కూడేటప్పుడు అవి వేడెక్కుతాయి. చల్లార్చడానికే పంకాలు. అంటే, దాలి ఇంట్లో ఒక్క మాటా లేదని తేల్చే యంత్రం చల్లగా ఉండడానికి దాలి తల్లే ఇరుసుకు గ్రీజు పెడుతోంది. ఇందులో హాస్యం ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరకగానే తెలియజేస్తాను.

మనవి, ఇరవై మూడోసారి: చేతిమాటను మాటగా గుర్తించగలరు.

రోజు 90
హాజరు: 18. పోషకం: రాగిజావ, గుడ్డుపొడి, మైసూర్‌పాకు. మేడమ్ వస్తున్నారు కదా. సగటు: 14,115. రిమార్కులు:

వికాసాధికారి మందాకిని మేడమ్ పదింటికి వచ్చారు. పూసల లెక్కలు కనబడే పలక తెరిచి, పద్దెనిమిది మందీ పాసయ్యారని ప్రకటించారు. కొండమ్మ దూది తీసేసి చప్పట్లు కొట్టింది. తల్లులు గాజు అవతల నుంచి చేతులెత్తి ఊపారు. నేను సిగ్గు నటించాను.

తర్వాత మేడమ్ రెండో పేజీ తెరిచారు. మొన్ననే వచ్చిన ఉత్తర్వట. కేంద్రంలో పడిన మాటల్లోంచి ఇంట్లో పడినవి తీసేస్తే మిగిలేది 'ఇంటి లోటు'. కాలనీ మొత్తంలో ఆ లోటు ఎక్కువున్న ఒక్క పిల్లను వాక్ నిలయానికి ఎంపిక చేస్తారు. "దాలి. కేంద్రంలో పద్నాలుగు వేల ఏడు వందలు. ఇంట్లో సున్నా. రాష్ట్రంలోనే పెద్ద లోటు తవిటేష్! పిల్ల ఎంత చురుకైందో, ఇల్లు ఎంత బీడో చూడు."

"మేడమ్, పన్నెండు వేలు దాటితే తరలించబోమన్నారు కదా."

"అది మిమ్మల్ని పరిగెత్తించడానికి రాసిన నిబంధనయ్యా. పద్దెనిమిది మందిని ఎక్కడ పెడతాం? నిలయంలో కాలనీకి ఒక్క మంచమే."

"మరి నేనసలు మాట్లాడకుండా ఉండి ఉంటే?"

"అందరికీ రెండు చోట్లా సున్నాయే. లోటు లేదు. ఎవరినీ తీసుకెళ్ళం. ఎదుగుదల కనబడని చోట మంచం ఎందుకు దండగ?" నా భుజం తట్టారు. "నీ వల్లే ఈ పిల్లకు అదృష్టం పట్టింది."

ఇంట్లో సున్నా కాదు మేడమ్ అన్నాను. చేతిమాట గురించి చెప్పాను, ఈదుకుంటూ పోయిన రెక్క కథ చెప్పాను. మొదటి రోజుల నుంచీ రిమార్కుల్లో రాస్తూనే ఉన్నాను, చదివే ఉంటారు అన్నాను.

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "రిమార్కులా? అవి ఎవరూ చదవరు తవిటేష్. యంత్రం అంకెలే తీసుకుంటుంది. మీరు ఫారం తెరిచారని తెలియడానికి ఆ గడి పెట్టామంతే."

తొంభై రోజులుగా నేను ఎవరికి వినమ్రంగా విన్నవించుకుంటున్నానో ఇప్పుడు తెలిసింది. అయినా రాస్తున్నాను. ఖాళీగా వదిలితే వెనక్కొస్తుంది.

అభ్యంతరానికి పది రోజుల గడువిచ్చారు. అందులో వరసగా మూడు రోజులు ఇంట్లో రెండేసి వేల మాటలు పడితే పేరు తీసేస్తారు. నోటిమాటలు.

రోజు 93
హాజరు: 18. పోషకం: రాగిజావ. దాలి ఇంటి లెక్క: 17. రిమార్కులు:

నూకాలు అరుస్తోంది. షిఫ్టు దిగ్గానే మొదలుపెడుతుంది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పూసకు నోరానించి, తెలిసిన మాటలన్నీ అరుస్తోంది. చేప, చీపురు, అత్త, గ్రీజు, ఆదివారం. పంకాల హోరులో పూసకు పదిహేడు అందాయి.

ఇక్కడ మనుషులు నోరు తెరిచి అరిచేది ప్రమాదానికి మాత్రమే. రెక్క ఊడినప్పుడు, వైరు అంటుకున్నప్పుడు. ఆ నోరు చూస్తే చాలు, పిల్లలు బయటికి పరిగెత్తాలని నేర్పి ఉంచారు. తల్లి నోరు తెరవగానే దాలి ఒళ్ళోంచి జారి వీధిలోకి పరిగెత్తింది. ఎక్కడ మంట అని ఇల్లిల్లూ తిరిగి చూసింది. ఎదురింటివాళ్ళు నీళ్ళ బిందెలతో వచ్చారు.

రోజు 95
హాజరు: 18. పోషకం: రాగిజావ. దాలి ఇంటి లెక్క: 1,140. రిమార్కులు:

బొంత నా ఆలోచనే. నా ఆలోచనల చరిత్ర తెలిసి కూడా నూకాలు ఒప్పుకుంది. మధ్యాహ్నం సెలవు పెట్టింది. కాలనీలో దొరికిన బొంతలన్నీ తెచ్చాం, తొమ్మిది. తల్లీ పిల్లా వాటి కింద దూరితే పంకాల మోత సగానికి సగం తగ్గింది. పూసకు మాట అందింది. ఇంకో పూట సాధన చేస్తే రెండు వేలు దాటించొచ్చు. నేను బయట కూర్చుని పలక మీద అంకె పెరగడం చూస్తున్నాను. వంద. మూడు వందలు. ఎనిమిది వందలు. ఉత్సాహంగా తొడలు చరుచుకున్నాను కూడా.

బొంత కింద చీకటి. చీకట్లో చేతులు కనబడవు. దాలికి అమ్మ గొంతు పక్కనే ఉంది గానీ, అమ్మ ఏమంటోందో తెలియదు. పలకలో చేప, చీపురు, ఆదివారం పడుతూనే ఉన్నాయి. బయటికొచ్చాక చూస్తే పిల్ల మొహమంతా కన్నీళ్ళు. నూకాలు బుగ్గల మీద గోటి గీతలు. అమ్మ చేతులు ఏమైపోయాయో అని చీకట్లో తడిమి తడిమి వెతికిందట.

రోజు 96
హాజరు: 18. పోషకం: రాగిజావ. దాలి ఇంటి లెక్క: 0. రిమార్కులు:

నాలుగింటికి దాలి ఇంటికి పోనంది. తలుపు కడ్డీ పట్టుకుని వేలాడింది. వెనకే తొమ్మిది బొంతలూ మోసుకుంటూ నూకాలు వచ్చింది. వాటిని గది మధ్యలో కుప్పేసింది.

"ఎవులివి ఆలికిచ్చీ బావూ."

"నూకాలప్పా, నిన్న పదకొండు వందలు దాటాం. ఇవాళ్టి నుంచి మూడు రోజులు గట్టిగా పడితే..."

"ఇంకెన్ని రోజులున్నాది?"

"గడువింకా నాలుగు రోజులుంది. అయిదో రోజు పొద్దున బండి వస్తుంది."

"ఈ నాలుగు రోజులూ గుంటని బెదరగొట్టీసి, ఆ బెదురుతోటి పంపించీమంటావేటి? అక్కడికెల్లినాక అమ్మంటే ఏటి గేపకమొస్తాది దానికి? బొంతలో సీకటా?"

"మళ్ళీ ఏడాదికి గాని చూడనివ్వరప్పా."

"తెలుసును. అందుకే సెప్తన్నాను. ఉన్న నాలుగు రోజులూ నా మాట నాను ఆడుకుంతాను. లెక్కెట్టుకుంతే ఎట్టుకోమను, మానితే మాననీ."

కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు కదిపింది. రెక్క అత్తారింట్లో ఏం తిన్నదో చెప్పనా అని అడిగింది. దాలి కడ్డీ వదిలేసింది.

నేను మేడమ్‌కు ఉత్తరం రాశాను, ఈసారి విడిగా, సంతకంతో. నమూనా ప్రకారం లేదని మూడు గంటల్లో వెనక్కొచ్చింది.

రోజు 101
హాజరు: 17. పోషకం: రాగిజావ, గుడ్డుపొడి. సగటు: 0. రిమార్కులు:

ఇవాళ నేను మాట్లాడలేదు. గొంతు బాగానే ఉంది.

బండి తెల్లగా, శుభ్రంగా ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. లోపల చల్లగా ఉంటుందని మేడమ్ చెప్పారు. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. పిల్లకు కొత్త గౌను తెచ్చారు, తన చేతులతో తొడిగారు, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను దాలి పెట్టె లోపల పెట్టి బండి దగ్గరే నిలబడ్డాను. కాలనీ అంతా మిద్దెల మీదికెక్కింది.

నూకాలు అద్దానికి అయిదడుగుల దూరంలో నిలబడింది. కంగారేమీ పడలేదు. బిగించిన అద్దం, పంకాల హోరు, ఏవీ ఈ తల్లీకూతుళ్ళకు అడ్డం కావు.

ముక్కు తుడుచుకో అంది. కిటికీ పక్కనుంటే ఎండ పడుతుంది, మధ్యాహ్నం ఇటు జరుగు అంది. రాత్రి పక్క తడిస్తే భయపడకు, ఎవరైనా తిడితే కళ్ళు మూసుకో అంది. ఆకలేస్తే నోటితో అడుగు, చేత్తో అడిగితే అక్కడ ఎవరికీ తెలీదు అంది. ఒకసారి చెప్పింది, దాలి తల ఊపాక మళ్ళీ చెప్పింది.

అమ్మా, నువ్వెప్పుడొస్తావు అని దాలి అడిగింది. ఒక్కసారి కాదు. ఆ చిన్న చేతులు ఆపకుండా అదే అడుగుతున్నాయి.

మేడమ్ ముందు సీటు లోంచి అద్దం కాస్త దించారు. "ఏమంటోందయ్యా పిల్ల?"

తొంభై రోజుల్లో పన్నెండు లక్షల పైచిలుకు మాటలు వాగినవాణ్ణి. నాకు రెండే దొరికాయి.

"టాటా చెబుతోంది."

మేడమ్ ముచ్చటపడి తనూ చెయ్యి ఊపారు. అద్దం పైకి పోయింది. బండి కదిలింది.

నూకాలు చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. గోడ చివర బండి మలుపు తిరిగాక, రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేనప్పుడు, చేతులు బయటికి తీసి జవాబు చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. మిద్దెల మీదివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నిలబడ్డారు. తనకు చెప్పని మాటను చూడకపోవడం ఇక్కడ మర్యాద. నేనూ మొహం తిప్పుకున్నాను.